కొలత అడగని దర్జీ

దర్జీకి గదిలో తోడున్నవాడు పోయిన మధ్యాహ్నం, వాడి అన్న శవానికి చుట్టే కఫన్ గుడ్డతో దర్జీ కొట్టుకి వచ్చాడు. ఒకే గదిలో ఉండే ఆ ఇద్దరి గురించి వీధిలో ఎప్పట్నుంచో గుసగుసలున్నాయి.

“కుట్టక్కర్లేదు భాయ్, కత్తిరించివ్వు చాలు.”

“వాడికి స్నానం చేయించడానికి నేనూ రానా అన్నా?”

“ఇంటివాళ్లం ఉన్నాంలే. మన ధర్మం ఒప్పని సంగతేదో జనం అంటున్నారు. సాగనంపే నమాజుకి రా, వెనక వరుసలో నిలబడు.”

ఆ మాత్రం చాలనుకుని దర్జీ గుడ్డ పరిచాడు. టేపు ముట్టకుండా, తల నుంచి పాదాల దాకా సరిపోయేలా కత్తిరించాడు.

“కొలత అడగవేం?” అన్నాడు అన్న.

దర్జీ కత్తెర పక్కన పెట్టి గుడ్డ మడతపెట్టసాగాడు.

అన్న గుడ్డ లాక్కుని చంకన పెట్టుకున్నాడు. “వెనక వరుసకీ రావద్దులే.”

నమాజు వేళకి దర్జీ లోపల గడియ పెట్టుకున్నాడు. నేల మీది పీలికలు పక్కకి తీసి, కుట్టుమిషను వెనక ఒక్కడే ఒక వరుసై నిలబడ్డాడు.