మొద్దు మొన తూటా

మా ఆయన ఆర్వో పోయాక వచ్చిన మొదటి నవంబరులో, జింకల వేట మొదలయ్యే ముందురోజు, నేను ఆయన తుపాకి, ఆయన గళ్ళ ఉన్ని చొక్కా, ఒక పెట్టె తూటాలు పట్టుకుని చిత్తడి అడవిలోని వేట గుడిసెకి బయల్దేరాను. దుఃఖంతో మతి చలించిందని ఊరంతా అనుకుంది. అనుకోనీ. నాది దుఃఖం కాదని అనను గానీ, అంతకంటే ఎక్కువ కుతూహలం. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి నవంబరూ ఆ మనిషి అక్కడికి పోయి ఏం చేసేవాడో నాకు తెలియదు. వచ్చి చెప్పేది రెండే మాటలు: “జింక కనబడలేదు. చలి బాగా ఉంది.”

ఆడవాళ్ళు ఆ గుడిసెకి రాకూడదని ఎక్కడా రాసి లేదు. ఎవరూ వెళ్ళలేదు, అంతే.

గుడిసెకి పెద్ద తైస్తో. మా ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు, నన్ను వదినా అని పిలుస్తాడు. అతని అల్లుడు డేల్. వీళ్ళు కాక ఇద్దరు ముసలి అన్నదమ్ములున్నారు. వాళ్ళు తింటారు, గురక పెడతారు, తైస్తో ఏమంటే దానికి తలూపుతారు. ఐదో పడక, కిటికీ కింద ఉన్నది, ఆర్వోది. నాకు ఆ పడక కావాలి. డేల్‌కి అది తన తమ్ముడి కోసం కావాలి.

“వదినా, ఇప్పటికి నువ్వు అతిథివి. ఆదివారం అందరం కూర్చుని తేలుస్తాం,” అన్నాడు తైస్తో నా సంచి లోపల పెడుతూ.

“అతిథిననే మర్యాదలు నాకక్కర్లేదు,” అన్నాను.

“మర్యాదలా? ఇక్కడా? సాయంత్రం వీళ్ళ సాక్సు పొయ్యి మీద ఆరేశాక చెప్పు ఆ మాట.”

నేను తుపాకిని గోడకి ఆనించగానే డేల్ పళ్ళికిలించాడు. “ఏంటి పిన్నీ, మ్యూజియంకి తాళం వెయ్యడం మర్చిపోయారా?”

అది థర్టీ థర్టీ అనే పాతకాలపు రకం తుపాకి. ఆర్వో తండ్రిదీ అదే రకం. వేట రోజులు దగ్గరపడితే మా ఊరి ఇనపసామాన్ల కొట్లో బల్ల మీదికి ముందుగా వచ్చేవి దాని తూటా పెట్టెలే. కొత్త రకాలు అల్మారాలో రంగురంగుల పెట్టెల్లో మెరుస్తుంటాయి. జనం వాటిని చేత్తో పట్టుకు చూస్తారు, మెచ్చుకుంటారు, చివరికి పాతదే కొనుక్కుని పోతారు. ఎందుకని కొట్టతన్ని అడిగితే, “మా తాతని అడగాల్సింది, ఆయనప్పుడూ ఇంతే,” అన్నాడు. అది జవాబా?

ఆ సాయంత్రం మాంసం, దుంపలు కూరిన పాస్టీలు తింటూ తైస్తోని పట్టుకున్నాను. ఒక తూటా బల్ల మీద నిలబెట్టాను. “దీని మొన ఎందుకింత మొద్దుగా ఉంది? డేల్ తూటాలు చూడు, సూదుల్లా ఉన్నాయి.”

“మన తుపాకిలో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి వదినా. మొన సూదిలా ఉందనుకో, ముందున్నదాని వెనక పొడుస్తుంది. మందు అంటుకునేది అక్కడే. పేలిందంటే నీ చేతిలోనే.”

“అంటే వరసలో బుద్ధిగా నిలబడాలని మొన అరగదీశారన్నమాట.”

“మీ ఆయన్నీ నువ్వలాగే చేశావుగా,” అన్నాడు తైస్తో. ముసలి అన్నదమ్ములు తలలూపారు.

డేల్ తన తుపాకి ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నాడు. “నాది మూడొందల గజాలకి కొడుతుంది. మీది వందకే చతికిలబడుతుంది.”

“మూడొందల గజాలు ఎక్కడున్నాయిరా ఈ అడవిలో?” తైస్తో విసుక్కున్నాడు. “యాభై గజాలు దాటితే దేవదారు కొమ్మలకి కొట్టుకోవాలి. ఇక్కడికి ఇది చాలు.”

చాలు అన్న మాట నాకు చాలలేదు. చాలినదాన్ని మనుషులు వాడుకుంటారు గానీ ఇంతగా ప్రేమించరు. ఆర్వో ఈ తుపాకిని తుడిచేటప్పుడు మాట్లాడిస్తే వినపడేది కాదు. నేను తైస్తోని ఇంకా గుచ్చి అడిగేదాన్నే, కానీ అప్పుడే నా చూపు వెనక గోడ మీద పడింది.

గోడ నిండా గుడ్డముక్కలు మేకులకి వేలాడుతున్నాయి. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ ఏడూ రాసి గోడకి కొట్టడం ఆ గుడిసె ఆచారం. సంగతి విన్నాను గానీ ఇన్ని ఉంటాయనుకోలేదు. దగ్గరికెళ్ళి చదివాను. ఆర్వో. ఆర్వో. తైస్తో. మళ్ళీ ఆర్వో. ఆ పచ్చ గళ్ళది నేను పుట్టినరోజుకి కొన్నది! తుపాకి తుడవడానికి చింపానని చెప్పాడు. ఆ నీలంది ముళ్ళకంచెకి పట్టుకుందన్నాడు. జింక కనబడనే లేదని చెప్పిన ఏళ్ళన్నీ అక్కడ వేలాడుతున్నాయి.

“దొంగ సచ్చినోడు!” అన్నాను గట్టిగా. పోయినవాణ్ణి అలా అనకూడదని తెలుసు. కానీ కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తెల్లారాక తైస్తో నన్ను ఆర్వో కూర్చునే బండరాయి దగ్గర వదిలి వెళ్ళాడు. మంచు అంతకుముందే ఆగింది. ఎదురుగా దేవదార్లు, వాటి మధ్య జింకలు నడిచే సన్నటి దారి. కూర్చున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒక ఉడత వచ్చి నన్ను తిట్టి పోయింది. పక్కనే చిన్న పిట్టలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఏరుకుంటున్నాయి. ఇంత దగ్గరలో ఇన్ని ప్రాణాలు మసులుతాయని నాకు తెలియదు. చలి మర్చిపోయి చూస్తుండిపోయాను.

కొమ్ముల జింక దూరంగా కనబడింది, కొమ్మల వెనక ఒక గోధుమరంగు ముక్కగా. డేల్ అయితే అక్కడే ఏదో సందు చూసి కొట్టేవాడేమో. నా తుపాకికి దుర్భిణీ లేదు, ఉన్నది ఇనప గురి ఒక్కటే. ఆగాలి. ఆగాను. అది నాలుగడుగులు వేసి వాసన చూసి, ఇంకో రెండడుగులు వేసింది. నేను ఊపిరి కూడా దాచుకున్నాను. చివరికి మా వంటగది ఇవతలి గోడకీ అవతలి గోడకీ మధ్య ఉన్నంత దూరంలో వచ్చి నిలబడింది. ముక్కు తడి కనబడింది. ఎడమ చెవికి పాత చిరుగు కనబడింది.

మీట నొక్కాను. దేవదారు మాను మీంచి బెరడు ఎగిరింది. జింక కదల్లేదు, నా వైపు చూసింది. నేనూ చూశాను. ఆ తర్వాతే అది తోక తెల్లగా ఎత్తి వెళ్ళిపోయింది.

ఆ మోత విని అందరూ వచ్చారు. మంచులో నెత్తురు లేదు, వెంట్రుక లేదు. తైస్తో బెరడు ఎగిరిన చోట వేలు పెట్టి చూశాడు.

గుడిసెకి రాగానే డేల్ కత్తెర తీశాడు. నేను కోటు విప్పాను. లోపలున్న చొక్కా చూసి తైస్తో అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

“అది ఆర్వోది. వద్దు. వదినా, నీకీ పద్ధతి వర్తించదు. నువ్వు అతిథివి.”

ఆ చొక్కాని నేను ఇంకా ఉతకలేదు. కాలర్ దగ్గర ఆయన పొగాకు వాసన ఉంది. కొయ్యకుండా వదిలేస్తే బాగుణ్ణని నాకూ ఉంది, అబద్ధమెందుకు. కానీ అతిథివి అన్న మాట మనసులో ముల్లులా దిగింది. అతిథి ఆదివారం ఇంటికి పోతుంది.

డేల్ వైపు వీపు తిప్పి నిలబడ్డాను. “కొయ్యి.”

“పిన్నీ...”

“మీ మావయ్య మాట వినకు. కొయ్యి.”

కత్తెర పదునుగా లేదు. గుడ్డ కరకరమంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. డేల్ ఆ ముక్క బల్ల మీద పరిచి, కలం పట్టుకుని ఆగాడు. “ఏం పేరు రాయను? చొక్కా బాబాయిది కదా.”

“చొక్కా ఆయనది. గురి తప్పింది నేను. హెల్మి అని రాయి.”

రాశాడు. మేకు కొట్టాడు. తర్వాత నా వైపు చూసి, ఎగతాళి లేకుండా అడిగాడు. “రెండోసారి ఎందుకు కాల్చలేదు? అది నిలబడే ఉందన్నారుగా. గొట్టంలో ఇంకా తూటాలున్నాయి.”

“చూస్తూ ఉండిపోయాను,” అన్నాను. “అంత దగ్గరికొచ్చాక... తుపాకి సంగతే మర్చిపోయాను.”

తైస్తో పొయ్యి దగ్గర కుర్చీలో కూలబడ్డాడు.

“వాడూ ఏటా ఇదే చెప్పేవాడు,” అన్నాడు. “ఈ మాటే. నేను నమ్మేవాణ్ణి కాదు. చేతకాక చెప్తున్నాడని ఏడిపించేవాణ్ణి.”

డేల్ తుపాకిని సంచిలో పెట్టుకున్నాడు. కాసేపటికి, గోడ వైపు చూస్తూ, “మా తమ్ముడికి వేరే పడక ఏదో ఒకటి చూసుకుందాంలే,” అన్నాడు. అన్నదమ్ములు తైస్తో వైపు చూడకుండానే తలలూపారు.

భోజనాలయ్యాక నేను లేవబోతే తైస్తో వేలు చూపించాడు. “ఎక్కడికి? గురి తప్పినవాళ్ళదే గిన్నెల వంతు. పొయ్యి మీద వేడినీళ్ళున్నాయి.”

ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే గిన్నె వాళ్ళ నెత్తిన పడేది. అతిథిని ఎవరూ గిన్నెలు తోమమనరు. వెనక చొక్కా పొట్టిదై నడుముకి చలి తగులుతుంటే, మోచేతుల దాకా సబ్బునీళ్ళలో పెట్టి, ఆర్వో పోయాక మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాను. సంతోషంగానే. ఆ ముసలాళ్ళు తిన్న పళ్ళేలు మాత్రం రెండుసార్లు తోమాల్సి వచ్చింది.