ట్రాస్క్‌కు ఇచ్చిన మాట

ఆ శాసనసభలో జత కట్టడమనే పద్ధతి ఉంది. ఒక సభ్యుడు ఇంటికి వెళ్లాల్సి వస్తే, ఎదుటి పక్షం సభ్యుడొకరు తానూ ఓటు వేయనని మాట ఇస్తాడు. రెండు ఓట్లూ పోతాయి, తేడా మారదు. ఇది నిబంధనల్లో లేదు. మాట మీదే నడుస్తుంది.

1911 మార్చిలో ఓరిన్ ట్రాస్క్ అనే రైతు, డెమోక్రాట్ సభ్యుడు, విన్‌ఫీల్డ్ పీజ్ దగ్గరికి వచ్చాడు. ఇంటి దగ్గర ట్రాస్క్ భార్య హల్దాకు న్యుమోనియా. పీజ్ లాయరు, రిపబ్లికన్. మిల్లుల్లో పిల్లల పనిగంటలు తగ్గించే బిల్లు పెట్టింది అతనే. ట్రాస్క్ దానికి వ్యతిరేకి.

"నీ బిల్లుకి అడ్డం పడేవాణ్ణి నిన్నే అడుగుతున్నా, లాయరూ. ఎలా ఉంది నా తెలివి?"

"వెళ్లిరండి, ఓరిన్ గారూ. మీరొచ్చేదాకా ఆ బిల్లు మీద నేను ఓటెయ్యను."

"కాగితం రాసుకుందామా?"

"లాయరు భాషలో రాస్తే మీకు అర్థం కాదు."

ట్రాస్క్ నవ్వి రైలెక్కాడు.

గురువారం బిల్లు ఓటింగుకు వచ్చింది. తన ఓటు లేకపోయినా నెగ్గుతుందని పీజ్ లెక్క వేసుకున్నాడు. కానీ అతని పక్షం వాడొకడు అటు తిరిగాడు. గుమాస్తా పేర్లు పిలవడం పూర్తయ్యేసరికి ఇరువైపులా సమానం. సమానమైతే బిల్లు పోయినట్టే.

పీజ్ లేచి "అనుకూలం" అన్నాడు.

గుమాస్తా తలెత్తాడు. "మీరు ట్రాస్క్ గారితో జత కట్టారు కదండీ?"

"ఓటు రాయండి."

బిల్లు నెగ్గింది. గ్యాలరీలో మిల్లు ఊళ్ల ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పీజ్ అటు చూడలేదు.

తర్వాతి వారం ట్రాస్క్ చేతికి సంతాపపు నల్ల పట్టీతో వచ్చాడు. పీజ్ వరండాలో ఎదురెళ్లాడు.

"ఓరిన్ గారూ, నేను..."

"పేపర్లో చదివా. హల్దా మంచం పక్కనే కూచుని చదివా. ఏంటయ్యా మొహం అలా పెట్టావంది. ఏం లేదే అన్నా. ఆఖరికి దానితో నాచేత అబద్ధమాడించావు."

"ఆ పిల్లల కోసం..."

"పిల్లల్ని అడ్డం పెట్టుకోకు. టెలిగ్రాం కొట్టి అడిగుంటే నిన్నా మాట నుంచి వదిలేసేవాణ్ణేమో. ఇప్పుడిక నాకూ తెలీదు, నీకూ తెలీదు."

"హల్దా గారికి సభ తరఫున సంతాప తీర్మానం పెడతాను."

"నువ్వొద్దు."

మధ్యాహ్నం తీర్మానం మరొకరు పెట్టారు. సభ్యులందరూ లేచి తలలు వంచారు. పీజ్ కూడా లేచాడు. అందరూ కూర్చున్నాక కూడా అతను తల ఎత్తలేదు. కూర్చోమని స్పీకర్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.