ఉబ్బిన బాటరీ

ఆ ఇంట్లో ఎవరు ఏ ఊరు బయల్దేరినా పెట్టె సర్దేది ఆవిడే. అత్తగారి మందుల దగ్గర్నుంచి భర్తగారి దువ్వెన దాకా. మర్చిపోతే తిట్టడానికి అందరూ ఉన్నారు గానీ, గుర్తుపెట్టుకుంటే మెచ్చుకునే నాథుడు లేడు. అలాంటిది ఆ ఉదయం భర్త మహా ఉదారంగా, "ఈరోజు నువ్వు విమానం నడపాలిగా, సామాన్లు నేను సర్దేశాలే," అన్నాడు. ఆవిడ గుండె గుభేలుమంది.

ఫ్లయింగ్ క్లబ్బులో అద్దెకు తీసుకున్న బుల్లి విమానం అది. నలుగురు కూర్చుంటే మోకాళ్లు తగులుకుంటాయి. లైసెన్సు వచ్చి చాలాకాలమే అయినా, ఇంట్లోవాళ్లు ఆవిడ నడిపే విమానం ఎక్కడం ఇదే మొదలు. అత్తగారిని వాళ్ల చెల్లెలి ఊళ్లో దింపాలి. భర్త అక్కడ డ్రోనుతో వీడియోలు తీస్తాడట. నలుగురిలో ఆయనెప్పుడూ, "మా ఆవిడకి విమానాల సరదా లెండి," అంటాడు. పొయ్యి మీద ఒక కన్నేసి చదివిన చదువు, నెగ్గిన పరీక్షలు, మొదటిసారి ఒంటరిగా నేల విడిచినప్పుడు కళ్లలో తిరిగిన నీళ్లు, అన్నీ కలిపి ఆయన నోట్లో సరదా!

భర్తా అత్తగారూ ఎక్కి కూర్చున్నాక, రెక్కలూ ఇంధనమూ చూసుకుంటూ అడిగింది. "డ్రోను బాటరీలు ఎక్కడ పెట్టారండీ?"

"వెనక సామాన్ల అరలో. భద్రంగా స్టీలు డబ్బాలో వేశా, తాళాలగుత్తితో పాటు."

ఏం తెలివండీ! ఆవిడ గబగబా ఆ డబ్బా బయటికి తీసింది. "లిథియం బాటరీ కొసలకి ఇనుము తగిలిందంటే అంటుకుంటుంది. ఆ అర బయటినుంచే తెరుచుకుంటుంది. పైన ఉండగా పొగొస్తే చెయ్యి అందదు," అంటూనే ఒక్కోదాని కొసలకు టేపు వేసి, దేని కవరులో దాన్ని పెట్టి, తన సీటు పక్కన అందేలా ఉంచింది. ఒకటి మాత్రం పొట్ట ఉబ్బి ఉంది. దాన్ని తీసి కింద నేల మీద పెట్టింది. "ఇది రాదు. ఉబ్బిందంటే ఎప్పుడైనా అంటుకోవచ్చు."

"కిందపడ్డప్పట్నుంచీ అలాగే ఉంది, ఏమైంది? అది లేకపోతే వీడియో సగమే వస్తుంది."

"సగమే తియ్యండి."

"చూశావా అమ్మా, నీ కోడలి పెత్తనం! డ్రైవరు మనకి చెప్పేదేంటి? అది దిగితే నేనూ దిగిపోతా." అన్నంత పనీ చేశాడు.

ఇది ఆవిడకు తెలియని విద్య కాదు. కూరలో ఉప్పు తగ్గితే కంచం ముందునుంచి లేచిపోవడం, మాట నెగ్గకపోతే చెప్పులేసుకుని వీధిలో నిలబడటం. ప్రతిసారీ వెనకాలే వెళ్లి బతిమాలి తెచ్చేది. తప్పెవరిదో ఆలోచించే తీరికెక్కడిది, ముందు ఇల్లు చల్లబడాలి కదా. ఇప్పుడూ ఆయన రెక్కకి అవతల చేతులు కట్టుకుని, ఓరకంట ఇటే చూస్తున్నాడు. అలవాటు కొద్దీ ఆవిడ కాళ్లు కదలబోయాయి కూడా. కానీ ఇక్కడ తలూపితే పోయేవి ముగ్గురి ప్రాణాలు. ఆ ప్రాణాలు తన చేతిలో ఉన్నాయంటే భయం వెయ్యలేదు. ఎంత గర్వంగా అనిపించిందో!

"ఆ ఉబ్బినదాన్ని ఎండలో ఉంచకండి. క్లబ్బువాళ్లకిస్తే ఇసుక బకెట్లో పెడతారు," అని భర్తకు చెప్పి, వెనక సీటు వైపు తిరిగింది. "మీరేం చేస్తారు అత్తయ్యా? దిగుతారా?"

అత్తగారు కిటికీలోంచి కొడుకుని కాసేపు చూసింది. "వీళ్ల నాన్నకీ ఇదే రోగం. బతిమాలీ బతిమాలీ ముసలిదాన్నయ్యాను," అని కొంగు బిగించి ముందు సీట్లోకి మారింది. "ఈ బెల్టు ఎలా పెట్టుకోవాలో చెప్పవే."

తలుపు మూసుకుంది. ఇంజను అందుకుంది. అవతల భర్త కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"విమానంలో ఎంతమంది?" రేడియోలో టవర్ అడిగింది.

"ఇద్దరం," అంది కెప్టెన్.