స్థానికురాలి ఫొటో

హనుమకొండలో వేయిస్తంభాల గుడికి కూతవేటు దూరాన, సొంత జంపఖానాల దుకాణం వెనకే ఉన్న ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్లు. పెద్దకోడలు నిర్మల ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే మెట్టింది. చిన్నకోడలు తేజస్వి విశాఖపట్నం పిల్ల, వచ్చి ఐదేళ్లయింది. ఇద్దరికీ మొదట్నుంచీ పడదని ఎవరైనా అంటే అది అబద్ధం. మొన్న నవంబరు దాకా నిక్షేపంలా పడింది. నవంబరులో ఓడ వచ్చింది.

వరంగల్‌కు ఓడేమిటని నవ్వకండి. ఓడ విశాఖ రేవుకే వచ్చింది. అందులో దేశాలు చూసుకుంటూ తిరిగే ముసలి దొరలూ దొరసానులూ ఉంటారు. వాళ్లలో ఇష్టమున్నవాళ్లు విశాఖలో దిగి రాత్రి రైలెక్కి వరంగల్ వస్తారు. ఒక పగలంతా చూసి, మళ్లీ రైలెక్కి చెన్నైలో ఓడను అందుకుంటారు. రేవులో టూర్ ఆఫీసు నడిపే తేజస్వి అన్న ఒకరోజు ఫోన్ చేసి, వచ్చేవాళ్లకు దారి తెలిసేలా ఒక కాగితం రాసి పంపమన్నాడు. మామూలు పుస్తకాల్లో ఉండేది కాకుండా ఊరిమనిషి చెప్పినట్టు ఉండాలన్నాడు.

ఊరిమనిషి వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తేజస్వి ఫోన్ పట్టుకుని పక్కన కూర్చుంది.

"అక్కా, బయటివాళ్లొస్తే మీరేం చెప్తారు?"

చెప్పమంటే నిర్మలకు పండగే. పద్దెనిమిదేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ ఊరంతా తిప్పింది ఆమే.

"మొదలు రైలు దిగుడు సంగతి చెప్పు. ముందు కాజీపేట వస్తదో వరంగల్ వస్తదో అడిగి దిగుమను, రెండూ పక్కపక్కనే, ఆగమైతరు. వేయిస్తంభాల గుడిల స్తంభాలు లెక్కవెట్టుకుంట నిలవడొద్దు, చెయ్యి పెట్టి నునుపు చూడుమను, మొఖం కనవడ్తది. ఖిల్లల తోరణాలకాడికి పొద్దుగూకే ముంగట పోవాలె, అప్పుడే రాయికి రంగొస్తది. ఆటో ఎక్కకముందే పైసలు మాట్లాడుకోవాలె. ఎనుమాముల మిర్చి యార్డు దిక్కు పోతే ముక్కుకు దస్తీ కట్టుకోవాలె, లేకుంటే తుమ్మి తుమ్మి చస్తరు."

తేజస్వి పకపకా నవ్వుతూ అంతా రాసుకుంది. కాయలన్నీ అయ్యేసరికి కాగితమూ అయింది.

రెండు వారాలకు అచ్చయిన కాగితాలు వచ్చాయి. నున్నటి కాగితం, రంగు అచ్చు. పైన తేజస్వి ఫొటో. కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, లోకల్ తేజస్వి మీకు చెబుతోంది, అని. నిర్మల పదో తరగతి చదివింది, ఆ మాత్రం చదవగలదు. ఫొటోను ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది. అందులో తేజస్వి కట్టుకున్న గద్వాల చీర నిర్మలదే.

"సొమ్మొకనిది సోకొకనిది," అని నిర్మల పొయ్యి దగ్గర గొణుక్కుంది. మెల్లగానే అంది. కానీ వంటింటి గోడలకు ఏం మెల్లగా, ఏం గట్టిగా!

ఆ రోజు నుంచి నిర్మల కడుపులో మంట ఆరలేదు. ఓడ వచ్చినప్పుడల్లా ఓ పది పదిహేనుమంది తెల్లవాళ్లు కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చేవారు. ఫొటో చూసి, తేజస్వి మొహం చూసి, "తే-జస్-వీ!" అని చేతులు పట్టుకునేవారు. నిర్మల జంపఖానాలు దులిపి పరిచి చూపించేది. అలిసిన నడుముతో నిలబడితే ఒక్కడూ ఆమె పేరు అడిగేవాడు కాదు. భర్త భానుచందర్‌తో చెప్పుకుంటే, "మన దుకాణంల గిరాకీ పెరిగింది గద, నీకేమైంది?" అన్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అంటారు చూడండి, ఆ ఏడుపు మగవాళ్లకు అర్థమయ్యేది కాదు. ఈ ఊరిదాన్ని నేను, ఈ ఊరి పేరు ఆమెకా? ఈ ఒక్క మాటే నిర్మల పొద్దున లేస్తూ అనుకునేది, పడుకుంటూ అనుకునేది.

మార్చి నెల సగానికి వచ్చింది. ఆ నెలాఖరుకు ఆ ఏటి చివరి ఓడ. కాగితాన్ని ఎండాకాలానికి తగ్గట్టు మార్చి పంపమన్నాడు అన్న. తేజస్వి మళ్లీ వంటింట్లోకి వచ్చింది. ఈసారి పక్కన కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, ఎండలు ముదిరాయి కదా. కొత్తగా ఏమైనా చెప్పాలా? గుడి సంగతి, చెప్పుల సంగతి?"

నిర్మల నాలుక చివరిదాకా వచ్చింది మాట. గుడి తొమ్మిది లోపలే చూడాలె, పొద్దెక్కితే ఆవరణలో రాయి పెనమైతది, కాళ్లకు సాక్సులు తొడుక్కోవాలె. ఈ ఊళ్లో పసిపిల్లకు కూడా తెలిసిన ముచ్చట. వైజాగు సముద్రం పక్కన పెరిగినదానికి రాయి సంగతి ఏం తెలుస్తుంది?

"చెప్పులు బయట ఇడువాలె. గంతే," అంది.

"అంతేనా?"

"గంతే."

తేజస్వి అంతే రాసుకుని వెళ్లిపోయింది. వాళ్ల రైలు తెల్లారి వస్తది, ఎండెక్కక ముందే గుడి చూసి పోతరు, ఎవలకేం కాదు, అని నిర్మల మనసుకు సర్దిచెప్పుకుంది. లోకల్ తేజస్వి కాగితంలో ఒక్క మాట తక్కువుండాలి, ఎవరో ఒకరు అది పట్టుకుని అడగాలి. ఆమెకు కావలసింది అంతే.

చివరి ఓడవాళ్ల రైలు ఐదు గంటలు ఆలస్యంగా వచ్చింది.

వాళ్ల బస్సు గుడి ముందు ఆగేసరికి పన్నెండు దాటింది. నిర్మల దుకాణం గుమ్మంలోంచి చూసింది. పందొమ్మిది మంది, ఎవరికీ డెబ్బై ఏళ్లకు తక్కువుండవు. కాగితంలో చెప్పినట్టే గేటు దగ్గర బూట్లు విప్పి వరసగా పెట్టుకున్నారు. బూట్లలోనే సాక్సులూ కుక్కారు. తేజస్వి ముందు నడిచింది, వాళ్లు వెనక నడిచారు. నిర్మల కాళ్లు ఆగలేదు, ఆమె కూడా గేటు దాకా వెళ్లింది.

పది అడుగుల దాకా ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒకాయన గెంతాడు. వెనక ఇద్దరు నవ్వారు, ఆ వెంటనే వాళ్లూ గెంతారు. వెనక్కి రావాలో ముందుకు పోవాలో తెలియక అందరూ నడిమధ్యన చిక్కుకున్నారు. తలంతా ముగ్గుబుట్టలా నెరిసిన ఒక దొరసాని, చేతికర్ర మీద నడిచే మనిషి, పరుగెత్తలేక, ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుని, "ఓ, ఓ," అంటూ నిలబడిపోయింది. తేజస్వి ఆమె నడుం పట్టుకుని లాగుతోంది. తేజస్వి కాళ్లూ ఉత్త కాళ్లే.

నిర్మల చూడాలనుకున్నది ఇదేనా? చూసింది. ఒక్క క్షణం కూడా బాగుండలేదు.

"ఉప్పలయ్యా!" అని దుకాణంలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న ముసలాయన్ను కేకేస్తూ ఉరికింది. "జంపఖానాలు పట్టుకురా! కొత్తయి, పాతయి, ఏవైతే అవి! జల్ది!"

చెరో నాలుగు జంపఖానాలు భుజానేసుకుని వచ్చారు. కళ్యాణానికి పరిచినట్టు గేటు నుంచి మంటపం మెట్ల దాకా విసిరి పరిచింది నిర్మల. పెళ్లివాళ్లు ఆర్డరిచ్చిన ఎర్రంచు జంపఖానా కూడా రాళ్ల మీద పడింది. ముసలివాళ్లంతా దాని మీదికెక్కి ఊపిరి పీల్చుకున్నారు. చేతికర్ర దొరసాని అక్కడే కూలబడింది. ఆమె అరికాళ్లు పండు మిరపకాయల్లా ఉన్నాయి. నిర్మల చెంబుతో నీళ్లు తెచ్చి ఆ కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని కడిగింది.

కాసేపటికి అందరూ తేరుకున్నారు. తేజస్వి నిర్మల వైపు చేయి చూపి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. వాళ్లంతా చప్పట్లు కొట్టారు. చేతికర్ర దొరసాని ఫోన్ తీసి ఫొటో అన్నట్టు సైగ చేసింది. నాలుగు నెలలుగా నిర్మల కోరుకున్నది ఆ చప్పట్లే, ఆ ఫొటోనే. చెంగు సర్దుకుంది, నవ్వింది కూడా. కానీ తేలు కుట్టిన దొంగ ఎంత బాగా నవ్వగలడో అంతే నవ్వగలిగింది.

వాళ్లను సాయంత్రం వరంగల్ స్టేషన్‌లో రైలెక్కించి తేజస్వి తిరిగొచ్చేసరికి దుకాణంలో జంపఖానాలు కుప్పగా పడున్నాయి. పెద్ద జంపఖానా మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. అడగకుండానే తేజస్వి రెండో చివర పట్టుకుంది.

"పుణ్యం మీదే అక్కా. లేకపోతే ఏమయ్యేదో," అంది.

ఆ మాటకు నిర్మల చేతుల్లోంచి కొస జారిపోయింది.

"ఏం పుణ్యమే? రాయి కాల్తదని నాకు ఎర్కే. నువ్వడిగిననాడే ఎర్కే. నిన్ను ఓర్వలేక చెప్పలే."

తేజస్వి ఏమీ ఆశ్చర్యపోలేదు.

"నాకూ తెలుసక్కా," అంది. "నా పెళ్లయిన ఏడు వైశాఖంలో ఆ గుడికి తీసుకెళ్తూ బావగారి సాక్సులు నా కాళ్లకు తొడిగింది మీరే కదా. మర్చిపోయారా?"

నిర్మల నిజంగానే మర్చిపోయింది.

"మరి ఎందుకు రాయలే?"

"సొమ్మొకనిది అన్నారుగా ఆ రోజు. విన్నాను. ఇక మీరు చెప్పనిది ఒక్క ముక్క కూడా రాయకూడదని పంతం పట్టాను. పొద్దున్నే వచ్చేస్తారులే, ఏం కాదులే అనుకున్నాను. ఇవాళ గేటు దగ్గర కూడా ఆ పంతమే నా నోరు కట్టేసింది. ఐదేళ్లయినా ఈ బజారులో నేను వైజాగుపిల్లనే. ఆ కాగితం మీద ఒక్కచోటే నేను ఈ ఊరిదాన్ని. మిమ్మల్ని చూస్తే నాకూ కుళ్లే అక్కా."

ఇద్దరికీ తెలిసిన ఒక్క మాట చెప్పకపోవడం వల్ల పందొమ్మిది మంది కాళ్లు కాలాయి.

తేజస్వి ఫోన్ మోగింది. రైల్లోంచి ఆ దొరసాని ఫొటో పంపింది. నిర్మల చేతులు తుడుచుకుని ఆత్రంగా అందుకుంది. ఫొటోలో నిర్మల మొహం లేదు. తేజస్వి మొహమూ లేదు. ఎర్రంచు జంపఖానా మీద కమిలిన రెండు ముసలి కాళ్లు మాత్రం ఉన్నాయి.

నిర్మల ఫోన్ తిరిగిచ్చి, కింద పడిన కొసను మళ్లీ అందుకుంది.

"వచ్చే యేడాది కాయితం మీద మనిద్దరి ఫొటోలు వద్దు, ఇదే వెయ్యి," అంది. "కింద సాక్సులని రాయి. పెద్దక్షరాలల్ల రాయి."