తియ్యటి గోడ

సముద్రాలవతల ద్రాసా చెరుకుతోటలో, కూలీల ఇళ్ళ లైన్ల వెనక చెరుకు బళ్ళ పట్టాలు ఆగిపోయే చోట మునియ్య అడ్డుగోడ కట్టాడు. పట్టా దాటి బండొస్తే ఆపాలి, అదీ దాని పని. కట్టి వారం దాటినా గోరుతో గీస్తే గీత పడుతోంది. పైగా చీమలు!

"నీ గోడకి చుట్టాలొచ్చారయ్యో," అన్నాడు సన్యాసి, గిర్మిట్ అనే కూలి ఒప్పందం రాసి ఒకే ఓడలో వచ్చిన నేస్తం. "పాయసం కాచి రాళ్ళు పేర్చావా ఏంట్రా?"

ఇంచుమించు అంత పనీ చేశాడు మనవాడు. భీమిలిలో వాళ్ళయ్య సున్నంలో బెల్లంనీళ్ళు పోసి, వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "చాలు" అనేవాడు. ఇక్కడ బెల్లమెక్కడిది? మిల్లులో పంచదార తీశాక మిగిలే నల్లమడ్డి తెచ్చాడు. రుచి చూస్తే చేదు. నాలిక్కి తీపి తగిలేదాకా పోస్తానే ఉన్నాడు!

"రేపు పడగొట్టు," అని కూలీల మీద పెత్తనం చేసే సర్దార్ భగవాన్ గోడని కర్రతో పొడిచి చెప్పాడు. "మళ్ళీ సిమెంటుతో కట్టు."

అంతకుముందుది సిమెంటు గోడే. నలుగురు భుజాలానించి తోసినా కదల్లేదు. ఒకరోజు బండి గుద్దితే పెంకులా పగిలి, ఓ రాయెగిరి వచ్చి మునియ్య పెళ్ళాం మంగమ్మ అన్నం కుండలో పడింది.

ఆ మంగమ్మే ఇప్పుడు గోడ అవతల రెండు గుంజలకి పాతచీర ఉయ్యాల కట్టి, పిల్ల పార్బతిని పడుకోబెట్టింది.

"అక్కడొద్దే. ఇంకా ఆరలేదది," అన్నాడు మునియ్య.

"మరెక్కడ కట్టను, నీ నెత్తిమీదా? నీడున్నది ఇక్కడే. మొగుడు కట్టిన గోడని పెళ్ళామే నమ్మకపోతే ఎలా?"

అనేసి నీళ్ళకి పోయింది. మునియ్యకి కాలు కదల్లేదు. పిల్లకి కాపలాగా పట్టాల వైపు గోడకి వీపానించి కూచున్నాడు. మిల్లు నుంచి ఉడికే చెరుకురసం వాసన. ఎండ మెల్లగా ఊగుతోంది. కళ్ళు మూతపడ్డాయి.

కలలో గోడలోకి దిగాడు. లోపల చీకటి, చల్లన, తీపి. రాళ్ళు పక్కపక్కన పడుకుని ఉన్నాయి, ఓడలో జనంలాగే. బయటెవరో మెల్లగా తోశారు. మొదటి రాయి పక్కరాయికి చెప్పింది, అది దాని పక్కదానికి. అన్నీ సర్దుకున్నాయి, బరువు పంచుకున్నాయి. మరి ఉన్నట్టుండి గుద్దితే? కబురు చెప్పుకునే టైమేదీ? దెబ్బ తిన్న రాయి ఒంటరిదైపోతుంది. అదే పగులుతుంది. "మరి మీరో?" అనడిగాడు. రాళ్ళు నవ్వాయి. "మా మధ్య ఇంకా పాకమే కదయ్యా, ఎటైనా జరుగుతాం!"

కింద నేల గొణిగింది. కళ్ళు తెరిచాడు.

"మునియ్యా! చక్రం కింద చెక్క జారిపోయిందిరోయ్!" సన్యాసి కేక. నిండు బండి వాలుమీద దొర్లుకుంటా వస్తోంది.

గోడ చుట్టూ తిరిగి పరిగెత్తాడు. పిల్ల మీద చెయ్యి పడేలోపే బండి గుద్దేసింది.

పగిలిన చప్పుడు కాదది. ఎవరో ముసలాయన "హుమ్మ్" అని చతికిలపడ్డట్టుంది. గోడ ఉయ్యాల వైపు ఉబ్బింది. రాళ్ళు జరిగాయి, సున్నం నలిగింది, చీరకి జానెడు దూరంలో ఆ ఉబ్బిన కడుపు ఆగిపోయింది. ఒక్క రాయీ ఎగర్లేదు. అవతల బండీ ఆగిపోయింది.

పార్బతి కెవ్వుమంది! మునియ్య పిల్లని తడిమి తడిమి చూశాడు. మడమ మీద చీమ. అంతే.

సన్యాసి వగరుస్తా వచ్చి గోడ కడుపు నిమిరాడు. "ఎన్నో నెలమ్మా?"

భగవాన్ వచ్చాడు. "వంకర్రా అది. రేపు..."

"పడగొట్టు, చూస్తా," అంది మంగమ్మ, కడవ కింద పడేసి, పిల్లని లాక్కుని రొమ్ముకి హత్తుకుంటా. సర్దార్ గోడని చూశాడు, ఆవిడ్ని చూశాడు, బండిలోంచి రాలిన చెరుకు ఏరమని వేరేవాళ్ళని కేకేసుకుంటా పోయాడు.

మునియ్య ఉబ్బిన చోట వేలితో సున్నం తీసి నాలిక్కి రాసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"చాలు," అన్నాడు.