ఆరో యంత్రం విన్నది

ప్రతి ఉదయం ఆరుంబావుకు చక్రపాణి కాఫీ కలిపి, స్టీలు గ్లాసుతో వంటింటి గట్టు మీద రెండుసార్లు తట్టేవాడు. అమెరికాలో బాతెల్ అనే ఊళ్లోని ఆ ఇంట్లో భార్య నళినికి అదే పిలుపు. ఆమె మేడ దిగి వచ్చి, మొదటి గుక్క తాగి, తన గ్లాసును గట్టు మీద ఒక్కసారి ఠక్కున పెట్టేది. కాఫీ కుదిరిందని అర్థం. కోపం ఉన్న రోజు మాత్రం చప్పుడు చేయకుండా గ్లాసు పట్టుకుని పైకి వెళ్లిపోయేది.

ఈ చప్పుళ్లు అంటార్కిటికా దగ్గర సముద్రపు అడుగున ఉన్న ఆరో యంత్రానికి వినిపించేవి.

నళిని పనిచేసే పరిశోధనశాల అక్కడ, నీటిలో మునిగి ఉన్న ఒక అగ్నిపర్వతం చుట్టూ, భూకంపాలను నమోదు చేసే పది యంత్రాలను దించింది. ఏడాది పొడవునా అవి చీకట్లో కూర్చుని రాసుకుంటాయి. ఏడాదికొకసారి ఓడ వెళ్లి పైనుంచి శబ్దసంకేతం పంపితే, కాళ్లకు కట్టిన ఇనుప బరువును విడిచి తేలి వస్తాయి; రాతలు తీసుకుని వాటిని మళ్లీ దించుతారు. మొదటి ఏడాది ఆరో యంత్రం రాతలో రోజూ ఒకే వేళకు రెండు చిన్న గీతలు, కాసేపటికి మరొకటి కనిపించాయి. వాటిని భూకంపాల జాబితా నుంచి తీసి, పక్కన ‘కాఫీ’ అని రాయడం పరిశోధక విద్యార్థి అఖిల్ పనుల్లో ఒకటైంది.

"అక్కా, మార్చిలో నాలుగు రోజులు బావగారికి మీ జవాబే లేదు. ఏం పాపం చేశారాయన?"

"నా డ్రైవింగ్‌ని నలుగురిలో వెక్కిరించారు. నువ్వు భూకంపాలు చూసుకో."

నవంబరులో ఒక సాయంత్రం దంపతులు మాటా మాటా అనుకున్నారు. ఈసారి నళిని ఆరు వారాలు ఓడ మీద వెళ్లడం అతనికి ఇష్టం లేదు. మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మంచు పేరుకున్న రోడ్డు మీద అతని కారు జారింది. అతను లేడు.

ఆ ఫోన్ ఆ ఉదయాన్ని ఆమెలోంచి తుడిచేసింది. తాను గ్లాసును గట్టు మీద పెట్టిందో, మాట్లాడకుండా పైకి వెళ్లిపోయిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లు గ్లాసులు కడిగి ఎక్కడో సర్దేశారు. ఆమె మళ్లీ కాఫీ కలపలేదు. రాజీనామా లేఖ రాసి పెట్టుకుంది. ఓడ మీదకు అఖిల్ వెళ్లాడు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అతని ఫోన్.

"అక్కా, తొమ్మిది వచ్చేశాయి. ఆరోది పలకట్లేదు. పదకొండుసార్లు సిగ్నల్ పంపాం. ఐస్ వచ్చేస్తోంది. కెప్టెన్ ఇంకో గంటే టైమ్ ఇచ్చాడు."

 "కాల్ కట్ చేయకు" అని నళిని ఫోన్‌ను పక్కన పెట్టింది. గ్లాసులు వెతికి తీసింది. కాఫీ కలిపింది.  అతని గ్లాసుతో గట్టు మీద రెండుసార్లు తట్టింది.

"వదిలింది!" అఖిల్ అరిచాడు. "బరువు వదిలేసింది అక్కా, పైకి వస్తోంది!"

అఖిల్ ఫోన్ పెట్టేసి పనిలో పడ్డాడు. యంత్రం తేలడానికి ముప్పావుగంట, దాన్ని తెరిచి చూడటానికి మరో రెండు గంటలు పట్టాయి. నళిని అక్కడే నిలబడి ఉంది. మళ్లీ ఫోన్ మోగింది.

"ఆ రోజు చూడు, అఖిల్."

"చూశాను. ఆరుంబావుకు రెండు ఉన్నాయి."

"తరువాత?"

"మూడు నిమిషాలకు ఒకటి ఉంది, అక్కా. గట్టిగానే ఉంది."

నళిని అతని గ్లాసును తన గ్లాసు పక్కకు జరిపింది. 

"ఐస్ తొలగగానే ఆరోదాన్ని మళ్లీ అక్కడే దించండి. వచ్చే ఏడు తీయడానికి నేను వస్తాను."

అప్పుడు, తుడిచిపెట్టుకుపోయిన ఆ ఉదయం ఆమెకు తిరిగి వచ్చింది. తలస్నానం చేసిన తడిజుట్టుతో ఆమె దిగి వచ్చింది. ఒక గుక్క తాగి, గ్లాసును ఠక్కున పెట్టింది.

"పంచదార ఎక్కువైంది" అంది, నవ్వు దాచుకుంటూ.

"ఓడ మీద ఎవరు కలుపుతారో చూస్తాలే" అన్నాడు చక్రపాణి. "ఉన్ని సాక్సులు మాత్రం నేనే కొంటాను."

ఆమె గ్లాసులు కడిగి ఒక్కొక్కటే అందించింది. అతను తుడిచి, రెండింటినీ పక్కపక్కన బోర్లించాడు.