ఆక్సిజన్ వెళ్లిన దారి

చిక్కుడుకాయల నార తీస్తూ లాప్‌టాప్ వైపు చూస్తున్నాను. "గాలి యాడికెళ్లి పోతదో చూసుడు గూడ ఒక కొలువేనా?" అన్నాడు నా భర్త దేవేందర్, బడికి తయారవుతూ. పెళ్లైన కొత్తలో తన భార్య సైంటిస్టని కోరుట్లంతా చెప్పుకున్న టీచరు ఈయనే. పాప పుట్టాక నేను హైదరాబాద్ వదిలి ఇంటి నుంచి పరిశోధన చేస్తున్నాను. అప్పటి నుంచి ఆయనకు నాది గాలి పని.

నేను చూసేది హైడ్రోజన్ తయారుచేసే ఒక ఎంజైమును. ఆక్సిజన్ లోపలికి చొరబడితే అది పనికిరాకుండా పోతుంది. ఎటునుంచి చొరబడుతుందో కంటికి కనబడదు కాబట్టి, యూనివర్సిటీ కంప్యూటర్‌లో ఆ ఎంజైము కదలికలను లెక్కగట్టి, ఆక్సిజన్‌ను అందులోకి వదిలి, అది పోయే దారి చూస్తాను. రెండేళ్లు అందరూ చెప్పే దారినే వెతికాను. పోయిన నెల పక్కనే ఇంకో సందు తెరుచుకుని, రెప్పపాటులో కోటోవంతైనా ఆగకుండా మూసుకుపోయింది. నమ్మకం కలగక నలభైసార్లు ఆ లెక్కను మొదటి నుంచి నడిపించాను. ముప్పై ఒక్కసార్లు ఆక్సిజన్ అటే పోయింది. ఆ రోజు ఎవరికి చెప్పాలో తెలియక పాపను ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను.

ఫోన్ మోగింది. మా గైడు సుమిత్ర మేడం.

"రాధికా, ఎల్లుండి బెంగళూరు ల్యాబ్ వాళ్లు హైదరాబాద్ వస్తున్నారు. ఫైళ్లు మన ల్యాబ్‌లోని విశ్వజిత్‌కు పంపు, వాళ్లకు తను చెప్తాడు. రీసెర్చ్ పేపర్లో కూడా తన పేరే ముందుంటుంది. నీకు కుదరదని మీ ఆయన ఫోన్ చేశారుగా."

మేడం నంబరు నా ఫోన్లోంచి ఎప్పుడు తీసుకున్నాడు? పాపకు స్నానం చేయిస్తున్నప్పుడా? నేను నిద్రపోయినప్పుడా?

"ఉన్నదే చెప్పిన. పిల్లను ఇడిసిపెట్టి పోతవా?" అన్నాడు దేవేందర్, అడిగితే. "పేరు ముందుంటేంది, ఎనకుంటేంది? ఉంటది గదా."

కూర్చోలేక లేచాను. లేచి ఎటు పోవాలో తోచలేదు.

గడప దగ్గర బీడీలు చుడుతున్న అత్త దేవవ్వ తలెత్తింది. "నాకు బీడీ కంపెనీ కార్డు లేకుండె. ఇరువై ఏండ్లు నేను జేసిన బీడీలు ఇంకొకామె కార్డు మీద ఎక్కినయ్. గా ముచ్చట నీకు తెల్వదారా?"

"అమ్మా, గది ఏరు, గిది ఏరు."

"ఏమేరు?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు. అత్త నా వైపు తిరిగి, "నేనైతె ఒక్కదాన్నే పిల్లను పట్టలేను బిడ్డా, మోకాళ్లు నొస్తున్నయ్," అంది.

మేడంకు నేనే ఫోన్ చేశాను. "ఆయన చెప్పింది ఆయన మాట, మేడం. నేను వస్తున్నాను, నేనే చెప్తాను. అప్పటిదాకా ఫైళ్లు ఎవరికీ పంపను." "సరే, రా," అన్నారు మేడం.

లాప్‌టాప్ సంచిలో పెట్టాను.

"మరి పాప?" అన్నాడు దేవేందర్.

"మూడు దినాలు లీవు పెట్టు."

"లీవా? ఏమని రాయాలె?"

"మీ బడిల టీచరమ్మలు ఏమని రాస్తరో అడిగి, గదే రాయి," అన్నాను.